గోడ వెనక వైరు



వేసవి సెలవులు దగ్గరకొచ్చాయి. అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్లలో ఈపాటికే యెల్లోస్టోన్ అనో, గ్రాండ్ క్యాన్యన్ అనో, స్మోకీ పర్వతాలు అనో మాటలు మొదలై ఉంటాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. దారి పొడవునా వాళ్లకు బాత్రూమ్ అందుబాటులో ఉండాలి. పిల్లలకు పడక ఉండాలి. పూటకింత అన్నం, చారు కాచుకునే వీలుండాలి. ఇవన్నీ ఒక్కచోట దొరికేది ట్రావెల్ ట్రైలర్‌లో. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని వెంట తీసుకుపోయే ఇల్లది. కొందరు కొనుక్కుంటారు. ఇంకొందరు వారం పదిరోజులకు అద్దెకు తీసుకుంటారు.

ఇవాళ ఆ ఇంటి గురించే మాట్లాడుకుందాం. పరుపు ఎంత మెత్తగా ఉంది, వంటగది ఎంత ముచ్చటగా ఉంది అన్నది అమ్మేవాళ్లే చెబుతారు. గోడ వెనక కరెంటు వైరు ఎలా ఉందో మాత్రం అడగనిదే ఎవరూ చెప్పరు. ఆ సంగతి నేను చెబుతాను.

ముందుగా ఒక్క మాట. చివరిదాకా ఈ మాటే మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. ట్రైలర్ ఎంత కొత్తదైనా సరే, చూసుకోకుండా సంతకం పెట్టకండి. చూసుకోకుండా అందులో పడుకోకండి. సంతకానికి ముందు ఒకసారి, నిద్రకు ముందు ఒకసారి. ఈ రెండు వేళలు గుర్తుంచుకోండి.

కొత్తదానికి ఇంత భయం ఎందుకండీ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం ఇండియానా రాష్ట్రం దాకా వెళ్లాలి.

ఇండియానా ఉత్తర భాగంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరుంది. ఈ దేశంలో తయారయ్యే ట్రైలర్లు, మోటార్‌హోమ్‌లలో నూటికి ఎనభైకి పైగా ఆ ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. వాటి చరిత్ర చెప్పే మ్యూజియం కూడా అక్కడే ఉంది. ఊరు ఊరంతా ఆ పని మీదే బతుకుతుంది. 2008లో మాంద్యం వచ్చి ట్రైలర్ల అమ్మకాలు పడిపోయాయి. కొద్ది నెలల్లోనే అక్కడ పని కావాలనుకునే వాళ్లలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి ఉద్యోగం లేకుండా పోయింది. మళ్లీ కోవిడ్ రోజుల్లో అంతా తిరగబడింది. విమానం ఎక్కడానికి భయపడి జనం ట్రైలర్ల మీద పడ్డారు. 2021 ఒక్క ఏడాదిలోనే ఫ్యాక్టరీల నుంచి ఆరు లక్షల బండ్లు బయటికొచ్చాయి. అంతకుముందు ఎన్నడూ లేనంత సంఖ్య అది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లోపలికి వెళ్దాం. అక్కడ చాలాచోట్ల గంటకింత అని జీతం ఉండదు. ఇన్ని బండ్లు పూర్తయితే ఇంత అని లెక్క. తెల్లవారకముందే పని మొదలవుతుంది. అనుకున్నన్ని బండ్లు తయారైతే ఆ పూటకు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఒకరు నేల వేస్తారు. ఒకరు గోడ నిలబెడతారు. ఒకరు వైర్లు లాగుతారు. ఒకరు కప్‌బోర్డులు బిగిస్తారు. బండి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరుగుతూనే ఉంటుంది.

అక్కడ పనిచేసేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లలో ఆమిష్ సమాజం వాళ్లు చాలామంది ఉన్నారు. చెక్కపనిలో తరతరాల నేర్పు ఉన్నవాళ్లు. లోటు వాళ్ల చేతుల్లో లేదు, ఆ చేతులకు దొరికే సమయంలో ఉంది. వేగానికి డబ్బిచ్చి, నిదానానికి డబ్బివ్వని చోట, ఎంత మంచి పనివాడైనా ఒక స్క్రూ తొందరగా బిగిస్తాడు. ఒక వైరు కాస్త వదులుగా వదిలేస్తాడు. ఆ వెంటనే దానిమీద గోడ పలక వచ్చి పడుతుంది. ఇక అది ఎవరి కంటికీ కనబడదు.

పైన పటారం, లోన లొటారం అంటారు మన పెద్దలు. లోపల లొటారం ఉందో లేదో కొనేవాడికి తెలిసే దారి ఉండాలి కదా.

సరే, గోడ వెనక ఏమేం జరుగుతాయో చూద్దాం. ముఖ్యంగా మూడు చెబుతాను.

మొదటిది, స్క్రూ. కప్‌బోర్డు బిగించే మనిషికి పలక వెనక వైరు ఎక్కడుందో కనబడదు. స్క్రూ వెళ్లి వైరు పక్కనే ఆగుతుంది. వైరు మీది ప్లాస్టిక్ తొడుగుకు ఆనుకుని ఉంటుంది. ఆ రోజు ఏమీ కాదు. దీపాలు వెలుగుతాయి, ఏసీ తిరుగుతుంది. తర్వాత బండి రోడ్డెక్కుతుంది. వందల మైళ్లు అదురుతూ పోతుంది. ప్రతి అదురుకూ స్క్రూ ఆ తొడుగును కొద్దికొద్దిగా కోస్తుంది. ఒకనాటికి లోపలి రాగి తగులుతుంది.

రెండోది, ఇనుప అంచు. ట్రైలర్ కింద ఉక్కు చట్రం ఉంటుంది. దానికి రంధ్రం చేసి వైర్లు లాగుతారు. ఆ రంధ్రానికి రబ్బరు రింగు పెట్టాలి. పెట్టకపోతే పదునైన అంచు మీద వైరు ఒరుసుకుంటూ ఉంటుంది. చాలా ట్రైలర్లకు కింద నల్లటి ప్లాస్టిక్ షీటు కప్పేసి ఉంటుంది కాబట్టి ఇది కూడా కనబడదు.

మూడోది, లూజ్ కనెక్షన్. అన్నిటికంటే ఇది ముఖ్యం. మన ఇళ్లలో గోడ ప్లగ్గు వెనక ఒక పెట్టె ఉంటుంది, వైర్లను స్క్రూలతో బిగిస్తారు. చాలా ట్రైలర్లలో విడిగా పెట్టె లేని ప్లగ్గులు వాడతారు. వైరును ఒక సన్నని గాడిలోకి నొక్కేస్తారు, అంతే. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. సరిగ్గా నొక్కితే పనిచేస్తుంది. సరిగ్గా నొక్కకపోతే అక్కడ పట్టు ఉండదు. పట్టు లేనిచోట కరెంటు పోతుంటే వేడి పుడుతుంది. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పట్టు ఇంకా సడలుతుంది. ఇంకా వేడెక్కుతుంది. మంటలు ఇలాగే మొదలవుతాయి.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. బ్రేకర్ ఉంది కదండీ, ప్రమాదం వస్తే అదే ట్రిప్ అవుతుంది కదా అని. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పోతే బ్రేకర్ ట్రిప్ అవుతుంది. లూజ్ కనెక్షన్ దగ్గర కరెంటు ఎక్కువేమీ పోదు. మామూలుగానే పోతుంది, వేడి మాత్రం అక్కడ పేరుకుంటుంది. మామూలు బ్రేకర్‌కు ఆ వేడి తెలియదు. మళ్లీ చెబుతున్నాను. లూజ్ కనెక్షన్‌ను మామూలు బ్రేకర్ పట్టుకోలేదు. దాన్ని పట్టుకోవాల్సింది మీరే.

ఎలా పట్టుకోవాలి? మూడు గుర్తులు. వేడి, వాసన, మినుకు. ప్లగ్గు మీద చెయ్యి పెడితే వేడిగా తగలడం. ప్లాస్టిక్ మాడుతున్నట్టు, చేపలు కుళ్లినట్టు వాసన రావడం. ఏసీ వేసినప్పుడో, నడుస్తుంటే నేల అదిరినప్పుడో దీపం మినుకుమనడం. వేడి, వాసన, మినుకు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే కరెంటు కట్టేయండి. రేపు చూద్దాంలే అనుకోకండి.

మరి ఫ్యాక్టరీలో పరీక్షలు చేయరా? చేస్తారు. ఈ దేశపు ఎలక్ట్రికల్ కోడ్‌లో ఇలాంటి బండ్ల కోసం ఒక ఆర్టికలే ఉంది, 551వది. దాని ప్రకారం బండి బయటికి వెళ్లేముందు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, ఎక్కడైనా లీకేజీ ఉందేమో పరీక్షించాలి. తలుపు దగ్గర పరిశ్రమ సంఘం వాళ్ల ముద్ర కూడా ఉంటుంది, ఆర్‌వీఐఏ అని. ఆ సంఘం ఇన్‌స్పెక్టర్లు ముందు చెప్పకుండా ఫ్యాక్టరీలకు వచ్చి చూస్తారు. ఇవన్నీ మంచివే. కాకపోతే ఆ పరీక్ష చేసేటప్పటికి బండి కదలకుండా నిలబడి ఉంది. స్క్రూ ఇంకా తొడుగును కోయలేదు. నొక్కిన వైరు ఇంకా సడలలేదు. ఇన్‌స్పెక్టర్ ప్రతి బండి గోడనూ విప్పి చూడడు. అందుకే ముద్ర ఉందని నిశ్చింతగా ఉండకండి. రోడ్డు మీద తిరిగాక బండిని మళ్లీ పరీక్షించాలి. ఆ పని మనమే చేయించుకోవాలి.

ఇప్పుడు ఇంకో ప్రమాదం. ఇది పిల్లలకు సంబంధించింది కాబట్టి అమ్మానాన్నలు దగ్గరగా వినండి.

మన ఊళ్లో వానాకాలంలో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జిల్లుమని షాక్ కొట్టడం మీకు గుర్తుండే ఉంటుంది. ఎర్త్ సరిగ్గా లేకపోవడం వల్ల అలా జరిగేది. ట్రైలర్‌కు అదే జరిగితే బండి మొత్తానికీ షాక్ వస్తుంది. ఎందుకంటే ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. భూమికీ దానికీ ఉన్న నమ్మకమైన దారి ఒక్కటే, క్యాంప్‌గ్రౌండ్ కరెంటు పెట్టె నుంచి వచ్చే కేబుల్‌లోని ఎర్త్ వైరు. ఆ వైరు ఎక్కడైనా తెగిందనుకోండి. లోపల ఎక్కడో ఒక వైరు లోహానికి తగిలిందనుకోండి. అప్పుడు బయటి రేకు, మెట్లు, తలుపు పిడి, అన్నిటికీ కరెంటు వస్తుంది.

విచిత్రం ఏమిటంటే, లోపల ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. టీవీ ఆడుతుంది, ఫ్యాను తిరుగుతుంది. బయట తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా ఆడుకుంటున్న పిల్లవాడు పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకుంటాడు. దెబ్బ వాడికి తగులుతుంది.

దీనికి మందు చాలా చవక. వైరును ముట్టుకోకుండానే కరెంటు ఉందో లేదో చెప్పే టెస్టర్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. పెన్ను అంత ఉంటుంది. ట్రైలర్‌కు కరెంటు ఇచ్చాక, ఎవరూ బండిని ముట్టుకోకముందే, ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకుని బయటి లోహం దగ్గరకు తీసుకెళ్లండి. కీచుమని అరిచిందా, ముట్టుకోకండి. కరెంటు పెట్టె దగ్గర బ్రేకర్ దించేయండి. చిన్నగా జిల్లుమన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇవాళ చిన్నగా కొట్టింది రేపు వాన పడ్డాక ప్రాణం తీయొచ్చు.

కేబుల్ తగిలించడానికీ ఒక వరస ఉంది. ముందు పెట్టెలో బ్రేకర్ దించండి. తర్వాత ప్లగ్గు పెట్టండి. ఆ తర్వాత బ్రేకర్ ఎత్తండి. తీసేటప్పుడూ ముందు బ్రేకర్ దించాకే ప్లగ్గు తీయండి. ప్లగ్గు కాళ్లు నల్లబడి ఉంటే అది వాడొద్దు. వీలైతే ఈఎంఎస్ అనే రక్షణ పరికరం కొనుక్కోండి. పెట్టెకూ కేబుల్‌కూ మధ్య దాన్ని పెడితే, ఎర్త్ లేకపోయినా, వోల్టేజీ మరీ తగ్గినా, మరీ పెరిగినా, అది కరెంటును లోపలికి రానివ్వదు.

సొంత ఇల్లున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఇంటి దగ్గర ట్రైలర్ కోసం ముప్ఫై ఆంపియర్ల ప్లగ్గు పెట్టించుకుంటున్నారా? అది చూడటానికి బట్టలు ఆరబెట్టే డ్రయర్ ప్లగ్గులా ఉంటుంది. అలవాటులో కొందరు ఎలక్ట్రీషియన్లు దానికి 240 వోల్టులు ఇచ్చేస్తారు. ట్రైలర్‌కు కావలసింది 120 వోల్టులే. ఒక్కసారి తప్పుగా తగిలిస్తే మైక్రోవేవ్, టీవీ, బ్యాటరీ చార్జరు అన్నీ కాలిపోతాయి. ఎలక్ట్రీషియన్‌కు 120 అని ముందే చెప్పండి. పని అయ్యాక మీటరు పెట్టి చూపించమనండి.

ఇక మన వంట సంగతి. ముప్ఫై ఆంపియర్ల ట్రైలర్ మొత్తం మీద 3600 వాట్లే లాగగలదు. ఎండ మండిపోతుంటే ఏసీ దాదాపు 1500 వాట్లు తింటుంది. ఇండక్షన్ స్టవ్వు 1800 వాట్లు. దానికి తోడు రైస్ కుక్కర్ పెట్టామనుకోండి, హద్దు దాటిపోయింది. పైగా లోపలి ప్లగ్గుల్లో చాలావాటికి ఒకటే లైను ఉంటుంది. అందుకని అన్నం అయ్యాక కూర, కూర అయ్యాక చారు. లేదంటే లోపలున్న గ్యాస్ పొయ్యి వాడుకోండి, కిటికీ తెరిచి. రాత్రి చలిగా ఉందని ఎలక్ట్రిక్ హీటర్ తెల్లార్లూ వేసి పడుకోకండి. గంటల తరబడి ఆగకుండా అంత కరెంటు పోతే, లూజ్ కనెక్షన్ ఏదైనా ఉంటే అది అర్ధరాత్రి, అందరూ నిద్రలో ఉన్నప్పుడు బయటపడుతుంది.

ట్రైలర్‌లో ఇంకో కరెంటు కూడా ఉంది, బ్యాటరీది. పన్నెండు వోల్టులే కదా అని చులకన చేయకండి. అది షాక్ కొట్టదు, నిజమే. కాని బ్యాటరీ వైరు ఇనుముకు తగిలితే ఒక్క క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు ఉందో లేదో అడగండి. ట్రైలర్ బ్రేకులకు వెళ్లే వైర్లు కూడా ఈ కరెంటువే. చాలా బండ్లలో ఆ వైరు ఇరుసు గొట్టం లోపల నుంచి ఈ చక్రానికీ ఆ చక్రానికీ పోతుంది. ఆ గొట్టం లోపల ఒరుసుకుని ఒరుసుకుని తెగుతుంది. తెగినట్టు బయటికి తెలియదు. కొండ దిగుతున్నప్పుడు బ్రేకు తొక్కితే తెలుస్తుంది. అందుకే బయల్దేరేముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసి చూడండి. వెనక నుంచి పట్టి లాగినట్టు అనిపించాలి.

ఇప్పుడు ఆ రెండు వేళలకు వద్దాం.

సంతకానికి ముందు. డీలరు దగ్గర ట్రైలర్‌కు పూర్తి కరెంటు ఇవ్వమనండి. ఏసీ వేయించండి. మైక్రోవేవ్‌లో నీళ్లు కాచండి. అరగంట అలా నడవనివ్వండి. తర్వాత ఒక్కొక్క ప్లగ్గు మీదా, కేబుల్ కొసల మీదా చెయ్యి పెట్టి చూడండి. వేడి, వాసన, మినుకు. కరెంటు తీసేశాక మెకానిక్‌తో బ్రేకర్ బోర్డు మూత విప్పించి, స్క్రూలు గట్టిగా ఉన్నాయో లేదో చూపించమనండి. మంచం కింద, సింకు కింద టార్చి వేసి చూడండి. టార్చి పట్టుకుని వంగి చూడటానికి మొహమాటపడకండి, డబ్బు మీది. డీలరుకు సంబంధం లేని ఇన్‌స్పెక్టర్లు కూడా దొరుకుతారు. ఇల్లు కొనేముందు ఇన్‌స్పెక్షన్ చేయిస్తాం కదా, ఇదీ ఇల్లే. కొన్నాక మొదటి ప్రయాణం దగ్గరి ఊరికి పెట్టుకోండి. ఒకటి రెండు రాత్రులు ఉండి, తిరిగొచ్చి, మళ్లీ బోర్డు విప్పించి చూపించుకోండి.

నిద్రకు ముందు. ఇది కొన్నవాళ్లకూ, అద్దెకు తీసుకున్నవాళ్లకూ ఇద్దరికీ. పొగ అలారం బటన్ నొక్కండి, అరవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం నొక్కండి, అరవాలి. గ్యాస్ అలారం నేలకు దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే ప్రొపేన్ గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. దాన్నీ నొక్కండి. వాటి మీద గడువు తేదీ ఉంటుంది, చదవండి. మంట ఆర్పే సిలిండర్ ఎక్కడుందో అందరికీ చూపించండి. అత్యవసర కిటికీకి ఎర్రటి పిడి ఉంటుంది. దాన్ని ఎలా తెరవాలో పెద్దవాళ్లతో, పిల్లలతో ఒకసారి తెరిపించండి. బామ్మగారు కూడా తెరవగలగాలి. ఇంకా, చాలా ట్రైలర్లకు తలుపు ఒక్కటే ఉంటుంది కాబట్టి దానికి అడ్డంగా సూట్‌కేసులు పెట్టకండి.

చివరిగా ఒక హక్కు గురించి. ట్రైలర్ భద్రతకు సంబంధించిన లోపాలు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే జాతీయ రహదారి భద్రతా సంస్థ చూస్తుంది. ప్రతి ట్రైలర్‌కూ పదిహేడు అక్షరాల, అంకెల నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని బండి తయారుచేసిన కంపెనీకి చెబితే, ఆ బండిని బాగుచేయడానికి వెనక్కి పిలిచారో లేదో తెలుస్తుంది. వెనక్కి పిలిచిన లోపాన్ని సాధారణంగా కంపెనీ ఉచితంగా బాగుచేయాలి. సెకండ్ హ్యాండ్ బండి అయినా సరే. అద్దె బండి అయితే యజమానిని ఆ నంబరు అడిగి మీరే కనుక్కోండి.

మీ బండిలో వైరు కాలిందనుకోండి, షాక్ కొట్టిందనుకోండి. ఫొటో తీసిపెట్టుకోండి. బాగుచేయించుకుని ఊరుకోకండి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు ఫిర్యాదు రాయండి. మనవాళ్లలో చాలామంది ఎందుకొచ్చిన గొడవలే అని వదిలేస్తారు. ఒకే రకం బండి మీద ఒకే రకం ఫిర్యాదులు పదిమంది నుంచి వస్తే అప్పుడు విచారణ మొదలయ్యే వీలుంటుంది, బండ్లు వెనక్కి పిలిచే అవకాశం వస్తుంది. మీరు రాసే నాలుగు వాక్యాల వల్ల మీకు ముఖపరిచయం లేని ఒక కుటుంబం రాత్రి క్షేమంగా నిద్రపోతుంది.

మరొక్కసారి. సంతకానికి ముందు చూడండి. నిద్రకు ముందు చూడండి. వేడి, వాసన, మినుకు, ఏది కనబడినా కరెంటు కట్టేయండి. లోపం దొరికితే ఫిర్యాదు రాయండి. ఇంత చేసుకుని బయల్దేరండి. కొండలూ నదులూ పిల్లలకు చూపించండి. అమ్మానాన్నలను సుఖంగా తిప్పి తీసుకురండి.